పాపం, పరిశుద్ధత, పునీతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉపదేశం తరగతిలో, కతోలిక ఇంటికీ ప్రొటెస్టెంటు ఇంటికీ పెళ్ళి మాటలు నడిచేచోట, నవంబరు వచ్చి సమాధులకు సున్నాలు వేసే రోజుల్లో ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. అందుకే ఒకచోట పెట్టాం. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఫరవాలేదు. సంఘాల మధ్య తేడా ఉన్నచోట ఆ తేడా చెప్పాం. రాసిన మనిషి కతోలికుడే కాబట్టి అక్కడక్కడ అటు మొగ్గు కనబడుతుంది.

## తొలి సందేహాలు

సెయింట్ (పునీతుడు) అంటే జీవితంలో ఒక్క పాపం కూడా చెయ్యనివాడనేనా?

కాదు. పాపం లేనివాడు యేసు ఒక్కడే అని సంఘాలన్నీ చెబుతాయి. కతోలికులు మరియమాతను కూడా అలాగే నమ్ముతారు. ఇక మిగతావాళ్ళందరికీ మచ్చలున్నాయి. కోడి కూసేలోగా పేతురు మూడుసార్లు "ఆయనెవరో నాకు తెలియదు" అన్నాడు. స్తెఫనును రాళ్ళతో కొట్టి చంపుతుంటే పౌలు ఆ కొట్టేవాళ్ళ బట్టలకు కాపలా ఉన్నాడు. తర్వాత బిషప్ అయిన అగస్టీను (354–430) పెళ్ళి లేకుండా ఒక స్త్రీతో ఏళ్ళ తరబడి కాపురం చేసి కొడుకును కన్నాడు, ఆ సంగతి తానే రాసుకున్నాడు. పడ్డచోట ఉండిపోకుండా, క్షమాపణ పొంది, చివరిదాకా దేవుణ్ణి విడవకుండా నిలబడ్డవాళ్ళు పునీతులు.

మా పాస్టర్ గారు "మనమందరం పరిశుద్ధులమే" అంటారు. మరి కతోలికులు కొందరినే ఎందుకంటారు?

పాస్టర్ గారు చెప్పింది పౌలు పత్రికల్లో ఉన్నదే. కొరింథు సంఘాన్ని ఆయన పరిశుద్ధులనే పలకరించాడు. ఆ సంఘం సంగతి చూస్తే, ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కేవాళ్ళు ఉన్నారు, ప్రభువు బల్ల దగ్గరికి తాగి వచ్చేవాళ్ళు ఉన్నారు, తండ్రి భార్యను ఉంచుకున్నవాడూ ఉన్నాడు. అయినా క్రీస్తుకు చెందినవాళ్ళు గనుక ఆ పిలుపు వాళ్ళకు దక్కింది. కతోలిక శ్రీసభ దీన్ని కాదనదు. దానికి తోడు, "ఫలానా మనిషి పరలోకంలో ఉన్నాడు, ఈయన బతుకు చూసి నేర్చుకోండి" అని కొందరి పేర్లు ప్రకటిస్తుంది. పేరు ఎక్కనివాళ్ళే లెక్కలేనంతమంది ఉంటారు. వాళ్ళందరి కోసమే నవంబరు 1న సకల పునీతుల పండుగ.

దేవుడి ఆజ్ఞ మీరడమే పాపం, అంతేగా?

అది సగమే. లూకా 15లో చిన్నకొడుకు ఏ చట్టం మీరాడు? ఆస్తిలో భాగం అడిగాడు, తండ్రి పంచి ఇచ్చాడు, దొంగతనమేమీ లేదు. కానీ తండ్రి బతికుండగానే వాటా అడగడమంటే ఆయన లేకపోయినా ఫరవాలేదన్నట్టే. ఆ బంధం తెంచుకోవడమే అక్కడి పాపం. ఇక చెయ్యకపోవడమూ పాపమే. మత్తయి 25లో తీర్పు పొందినవాళ్ళు ఎవర్నీ చంపలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టలేదు, అంతే.

## పుట్టుక, జ్ఞానస్నానం

పసిబిడ్డకు పాపమేమిటండీ? వాడేం చేశాడని?

వాడేమీ చెయ్యలేదు. జన్మపాపం వాడు చేసింది కాదు, వాడు పుట్టిన స్థితి. మనిషికీ దేవుడికీ మధ్య తెగిన బంధంలోకే ప్రతి బిడ్డా పుడుతుంది, ఎవరూ నేర్పకుండానే స్వార్థం వస్తుంది. మంచిగా బతకడానికి మనిషికి తన సంకల్పమే చాలని పెలాగియుస్ అనే బోధకుడు వాదిస్తే, చాలదని అగస్టీను ఎదిరించాడు. 418లో కార్తేజు సభ, ఆ తర్వాత 1546లో త్రెంతు మహాసభ అగస్టీను వైపే మొగ్గాయి. తూర్పు ఆర్థడాక్సు సంఘాలు మాత్రం ఆదాము నుంచి మనకు వచ్చింది మరణమూ బలహీనతే గాని నేరం కాదంటాయి. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలవాళ్ళు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, బిడ్డను ప్రతిష్ఠ చేసి పెద్దయ్యాక వాడి ఇష్టానికి వదిలేస్తారు.

జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పించకముందే బిడ్డ పోయాడు. నరకానికి పోతాడా?

పోడు. పోతాడని ఏ తల్లికీ చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఈ విషయంలో అగస్టీను కటువుగానే రాశాడు. మధ్యయుగాల పండితులు దాన్ని మెత్తబరచి, బాధా లేక పరలోకానందమూ లేక ఉండే లింబో అనే స్థితిని ఊహించారు. అది ఎన్నడూ విశ్వాస సత్యం కాలేదు. 2007లో వాటికన్ దైవశాస్త్ర సంఘం, పోపు 16వ బెనెడిక్టు అనుమతితో, ఇలాంటి బిడ్డలు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి కారణాలున్నాయని రాసింది. జ్ఞానస్నానం ఇప్పించాలనుకున్న తల్లిదండ్రుల బిడ్డకు, పీఠాధిపతి (బిషప్) అనుమతితో, అంత్యక్రియలు పూర్తిగా జరిపించవచ్చు. మీ ఊళ్ళో ఎవరైనా కాదంటే ఫాదర్ గారిని నేరుగా అడగండి.

బిడ్డకు పునీతుల పేరే పెట్టాలా?

అక్కర్లేదు. 1983 నాటి శ్రీసభ చట్టం అడిగేది ఒక్కటే: పేరు క్రైస్తవ భావానికి విరుద్ధంగా ఉండకూడదు. కరుణ, ప్రసాద్ నిక్షేపంగా పెట్టుకోవచ్చు. అయితే రాయప్ప, చిన్నప్ప, జోజయ్య, శౌరి లాంటి పేర్లు పాత విచారణల్లోనే (పారిష్‌లలోనే) మిగిలిపోతుంటే దిగులుగానే ఉంటుంది. పేతురు, పౌలు, జోసెఫు, జేవియర్ తెలుగు ఇళ్ళలో అలా స్థిరపడ్డారు.

## రోజువారీ బతుకులో

చావైన పాపం, అల్ప పాపం అంటారు. నేను చేసింది ఏదో ఎలా తెలుస్తుంది?

చావైన పాపం కావాలంటే మూడూ కలవాలి: విషయం పెద్దదై ఉండాలి, అది తప్పని బాగా తెలిసి ఉండాలి, తెలిసీ ఇష్టపడి చెయ్యాలి. కిరాణా కొట్టువాడు పొరపాటున పది రూపాయలు ఎక్కువిస్తే జేబులో వేసుకోవడం అల్ప పాపం. విధవరాలైన వదినగారి వేలిముద్ర మోసంతో వేయించుకుని పొలం రాయించుకోవడం చావైన పాపం. భయంతోనో, వదలని అలవాటు వల్లనో, బలవంతం మీదనో చేస్తే బాధ్యత తగ్గుతుంది. ప్రొటెస్టెంటు సంఘాలు ఎక్కువగా ఈ విభజన ఒప్పుకోవు. ఏ పాపానికైనా జీతం మరణమే అన్న రోమా 6ను చూపిస్తాయి. అలాగని ఆచరణలో అన్నిటినీ ఒకే తూకం వెయ్యవు లెండి. ప్రభువు బల్ల నుంచి మనిషిని ఆపేటప్పుడు వ్యభిచారానికి ఆపినంత తొందరగా చాడీలకు ఆపిన సంఘం అరుదు.

ఏడు ఘోర పాపాల్లో హత్య ఎందుకు లేదు?

అది ఘోరాల జాబితా కాదు, మిగతావన్నీ మొలిచే వేళ్ళ జాబితా. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారి సన్యాసి ఇవాగ్రియుస్ మనసును పీడించే తలంపులు ఎనిమిదని లెక్కపెట్టాడు. ఆరో శతాబ్దం చివర్లో పోపు మహా గ్రెగొరీ వాటిని ఏడు చేశాడు. ఇప్పుడు మనం చెప్పుకునేవి గర్వం, లోభం, కామం, అసూయ, తిండిపోతుతనం, కోపం, సోమరితనం. హత్య వీటిలో ఏదో ఒకదాని నుంచే పుడుతుంది. కయీను కథలో అసూయ నుంచి పుట్టింది.

బాప్తిస్మం తీసుకున్నా తాగుడు మానలేకపోతున్నా. నా రక్షణ పోయినట్టేనా?

మాట్ టాల్బట్ అనే డబ్లిన్ కూలీ సంగతి వినండి. పన్నెండేళ్ళకే తాగుడు పట్టింది. జీతమంతా సారాకొట్టుకే పోయేది. 1884లో, 28 ఏళ్ళ వయసులో, ఇక ముట్టనని ఒట్టు వేసుకున్నాడు. మొదటి నెలలు నరకం చూశాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళు కూలీగానే బతికి, 1925లో పూజకు నడిచి వెళుతూ వీధిలో కూలిపోయాడు. 1975లో శ్రీసభ ఆయనను పూజ్యుడిగా ప్రకటించింది. రక్షణ పోతుందా పోదా అన్నదాని మీద సంఘాలకు వాదాలున్నాయి. ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విను బాటలోని సంఘాలు నిజంగా పొందినది పోదంటాయి. కతోలికులు, వెస్లీ అనుచరులు (మెథడిస్టులు) పోగొట్టుకోవచ్చు, మళ్ళీ పొందవచ్చు అంటారు. ఏ సంఘమైనా మళ్ళీ పడ్డవాణ్ణి రావద్దనదు. తాగుడు జబ్బు కూడా కాబట్టి ప్రార్థనతో పాటు డాక్టరునూ కలవండి. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

క్షమించరాని పాపం చేశానేమో అని భయం. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

మార్కు 3లో యేసు ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. రోగులు బాగవుతుంటే కళ్ళారా చూస్తూ, అది దేవుడి పని కాదు దయ్యాల అధిపతి పని అని తేల్చేసిన శాస్త్రులతో. దేవుణ్ణి దేవుడని తెలిసీ తలుపు మూసుకోవడం గురించిన హెచ్చరిక అది. నోటికి వచ్చిన ఒక తిట్టో, మనసులో దూరిన పాడు తలంపో ఆ పాపం కాదు. తలుపు మూసుకున్నవాడికి మీకున్న భయం ఉండదు. చెప్పిన పాపమే మళ్ళీ మళ్ళీ చెప్పుకోవాలనిపించే ఈ బాధ పునీతులకూ వచ్చింది. 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో, తర్వాత యేసుసభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా చచ్చిపోదామనుకునేదాకా వెళ్ళాడు. వారాల తరబడి వదలకపోతే ఒక్క గురువునే (ఫాదర్ గారినే) పట్టుకుని ఆయన మాట వినండి, మానసిక వైద్యుణ్ణీ కలవండి.

జబ్బు వచ్చినా పిల్లలు పుట్టకపోయినా "ఏదో పాపం ఉంది, ఒప్పుకో" అంటున్నారు. నిజమేనా?

పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే: పాపం వీడిదా, కన్నవాళ్ళదా? ఇద్దరిదీ కాదని యేసు జవాబు (యోహాను 9). సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చచ్చిపోతే, వాళ్ళు ఊళ్ళో అందరికన్నా పాపులనుకుంటున్నారా అని ఆయనే ఎదురు అడిగాడు (లూకా 13). తాగుడుకు కాలేయం చెడినట్టు కొన్ని పనులకు ఫలితం ఉంటుంది, అది వేరు. కేరళలో అల్ఫోన్సమ్మ బతుకులో ఎక్కువ భాగం మంచం మీదే గడిచింది, 1946లో ముప్పై అయిదేళ్ళకే కన్నుమూసింది. 2008లో ఆమెను పునీతగా ప్రకటించారు. స్వస్థత కూటాల్లో రోగిని నిలబెట్టి పాపం చెప్పించడం క్రూరత్వం.

కులం చూడటం పాపమేనా? చర్చిలోనే చూస్తున్నారు కదా!

పాపమే, చర్చిలో చూస్తే ఇంకా పెద్దది. 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని వెలువరిస్తూ కులవివక్ష ఘోరమైన సామాజిక పాపమని ఒప్పుకుంది. దేవసహాయం కథ ఇక్కడ చెప్పాలి. 1712లో తిరువాన్కూరు రాజ్యంలోని నట్టాలంలో పెద్ద కులంలో పుట్టి, మార్తాండ వర్మ కొలువులో అధికారిగా చేశాడు. 1745లో జ్ఞానస్నానం పొందాడు. అప్పటినుంచి తక్కువ కులాలని పక్కన పెట్టినవాళ్ళతో కలిసి కూర్చుని తిన్నాడు. పట్టి బంధించారు, ఊరూరా తిప్పి అవమానించారు, 1752లో అరల్వాయ్‌మొళి దగ్గర కాల్చి చంపారు. 2022 మే 15న ఆయనను పునీతుడిగా ప్రకటించినప్పుడు పేరు చివర ఉన్న కులం పేరు తీసేశారు. భారతదేశపు గృహస్థుల్లో పునీతుడైన మొదటివాడు ఆయనే. అదే ఏడాది ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్ళలో, దళితుల్లో ఆ స్థానానికి చేరిన మొదటివారు.

అయినా సంబంధం చూసేటప్పుడు మొదటి ప్రశ్న ఏమిటో మనకు తెలుసు. భార్య మీద అరిచానని పాపసంకీర్తనంలో (ఫాదర్ గారి ముందు పాపాలు ఒప్పుకునేటప్పుడు) చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. కులం చూసి కూతురి సంబంధం చెడగొట్టానని చెప్పుకునేవాళ్ళు ఎందరుంటారు?

## పాపసంకీర్తనం

దేవుడితో నేరుగా చెప్పుకుంటే చాలదా? ఫాదర్ గారికి ఎందుకు?

మీరు ఎవరి పాపాలు క్షమిస్తారో అవి క్షమించబడతాయని లేచిన ప్రభువు అపొస్తలులతో అన్న మాట (యోహాను 20) ఆధారంగా కతోలికులు గురువు దగ్గరికి వెళతారు. ఏడాదికి ఒక్కసారైనా వెళ్ళాలన్న నియమం 1215లో నాలుగో లాటరన్ మహాసభ పెట్టింది. ప్రొటెస్టెంట్లు 1 యోహాను 1ని చూపించి నేరుగా ఒప్పుకుంటే చాలంటారు. యాకోబు పత్రిక మాత్రం ఒకరితో ఒకరు ఒప్పుకోమంటుంది. ప్రొటెస్టెంటు ఉద్యమం మొదలుపెట్టిన లూథరు కూడా విడిగా చెప్పుకునే ఒప్పుకోలును తీసెయ్యలేదు, బలవంతం మాత్రం వద్దన్నాడు. నా మట్టుకు నాకు మనిషి ముందు నోరు విప్పి చెబితేగాని నేను చేసింది నాకే పూర్తిగా తెలిసిరాదు.

ఫాదర్ గారు నా పాపం బయట చెప్తే?

నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే, ఎవరూ తీర్పు చెప్పనక్కర్లేకుండా, శ్రీసభ నుంచి వెలి అవుతాడు. హత్య అని చెప్పినా, కోర్టు అడిగినా చెప్పకూడదు. 1393లో ప్రాగ్‌లో నెపొముక్ యోహాను అనే గురువును రాజు నదిలో పడేయించాడు. రాణి పాపసంకీర్తనం చెప్పనందుకే అన్నది తర్వాత అల్లుకున్న కథ. మఠాధిపతి నియామకం మీద రాజుకూ అగ్రపీఠాధిపతికీ వచ్చిన తగవే అసలు కారణమని చరిత్రకారులు అంటారు. అయినా ఆ రహస్యానికి ఆయనే గుర్తుగా నిలిచిపోయాడు.

దొంగిలించి, పాపసంకీర్తనం చేసేస్తే ఆ డబ్బు ఉంచేసుకోవచ్చా?

కుదరదు. తిరిగి ఇవ్వాలి. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు, మీరు తీసుకున్నంతైనా ఇవ్వండి.

డబ్బు కట్టి పాపక్షమాపణ కొనుక్కోవచ్చట కదా?

రోములో పేతురు మహాదేవాలయం కట్టడానికి అలాంటి బేరం జరిగిన మాట నిజం. జర్మనీలో టెత్సెల్ అనే బోధకుడు చీటీలు అమ్ముతుంటేనే 1517లో లూథరు 95 సిద్ధాంతాలు రాశాడు. ఆ చీటీలు పాపక్షమకు కావు, క్షమించిన పాపానికి మిగిలే శిక్ష తగ్గడానికని సిద్ధాంతం. కొనేవాడికి ఆ తేడా ఎవరు చెప్పారు? 1567లో పోపు 5వ పయస్ డబ్బుతో ముడిపడ్డవన్నీ రద్దు చేశాడు. ప్రార్థన, యాత్ర, దయగల పనులకు ఇచ్చే మినహాయింపులు ఇప్పటికీ ఉన్నాయి, వాటికి రుసుము లేదు.

## పునీతుల ప్రకటన

పోపు గారు మనుషుల్ని పునీతులుగా చేస్తారా?

చెయ్యరు, ఉన్నదాన్ని ప్రకటిస్తారు. మొదట్లో ఊరి జనం, స్థానిక పీఠాధిపతి కలిసి నిర్ణయించేవారు. పోపు ప్రకటించినట్టు ఆధారమున్న మొదటి పునీతుడు ఆగ్స్‌బర్గ్ ఉల్రిక్, 993లో. ఇప్పుడు పద్ధతి ఇలా ఉంటుంది. మనిషి చనిపోయి అయిదేళ్ళు గడిచాక పీఠం (బిషప్ పరిధిలోని ప్రాంతం) విచారణ మొదలుపెడుతుంది, అప్పుడు దైవసేవకుడు. రోము ఆయన సద్గుణాలను ఒప్పుకుంటే పూజ్యుడు. ఒక అద్భుతం రుజువైతే ధన్యుడు, ఆ తర్వాత మరొకటి రుజువైతే పునీతుడు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షులకు ధన్యుడు కావడానికి అద్భుతం అక్కర్లేదు. మదర్ తెరెసాకు ఆ అయిదేళ్ళ గడువు సడలించారు: 1997లో మరణం, 2003లో ధన్యురాలు, 2016 సెప్టెంబరు 4న పునీత.

అద్భుతం నిజమో కాదో ఎవరు తేలుస్తారు?

వైద్యుల బృందం రిపోర్టులు చూసి, జబ్బు నయమైన తీరుకు వైద్యంలో కారణం దొరకదని చెబితేనే ఫైలు దైవశాస్త్ర పండితుల దగ్గరికి వెళుతుంది. వాళ్ళ తర్వాత కార్డినళ్ళు, చివర్న పోపు. తప్పులు వెతకడానికే 1587లో ఒక పదవి పెట్టారు. జనం దాన్ని "సైతాను వకీలు" అనేవారు. 1983లో రెండో జాన్ పాల్ ఆ పదవి స్వరూపం మార్చి, ప్రక్రియను తేలిక చేశారు. ఆ తర్వాత వేగం బాగా పెరిగింది, ఆయన ఒక్కరి కాలంలోనే 482మంది. మదర్ తెరెసా మొదటి అద్భుతం మీద వివాదం ఉంది. పశ్చిమబెంగాల్ గిరిజన స్త్రీ కడుపులో గడ్డ 1998లో మాయమైందని వాటికన్ ఒప్పుకుంది, అది మందులతోనే తగ్గిందని చికిత్స చేసిన డాక్టరు అన్నాడు. మదర్ తెరెసాను గట్టిగా విమర్శించిన రచయిత క్రిస్టఫర్ హిచెన్స్‌నూ పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. పునీతుల పేరిట చెప్పే ఇలాంటి అద్భుతాన్ని నమ్మి తీరాలని కతోలికుడికి నిర్బంధం లేదు.

తెలుగు నేల మీద పునీతులు లేరా?

ప్రకటించినవాళ్ళు ఇంకా లేరు. కృష్ణా జిల్లా పెద్దావుటపల్లిలో 1945 జనవరి 15న చనిపోయిన బ్రదర్ జోసఫ్ తంబి గారు దైవసేవకుల వరసలో ఉన్నారు. పుట్టింది తెలుగుగడ్డ మీద కాకపోయినా, ఏటా జనవరిలో ఆయన సమాధి దగ్గరికి వచ్చే జనానికి ఆయన మనవాడే.

పునీతులకు మొక్కడం విగ్రహారాధన కాదా?

787లో రెండో నికయ మహాసభ గీత గీసింది: ఆరాధన దేవుడికే, పునీతులకు గౌరవం మాత్రమే. "నా కోసం ప్రార్థన చెయ్యి" అని పక్కింటి విశ్వాసిని అడిగినట్టే వాళ్ళనూ అడుగుతామని కతోలికుల మాట. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన పునీతుల్ని తలుచుకుని వాళ్ళ విశ్వాసాన్ని అనుసరించమంది, సాయం మాత్రం అడగొద్దంది. ఆ గీత ఆచరణలో చెరిగిపోతుందన్న ప్రొటెస్టెంట్ల విమర్శను తీసిపారెయ్యలేం. ఫిబ్రవరిలో విజయవాడ దగ్గర మరియమాత క్షేత్రమైన గుణదల కొండ ఎక్కి చూడండి. కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, తలనీలాలు, వరసలో హిందువులు కూడా. ఆ తల్లి కొడుకుతో చెబుతుందని మొక్కేవాళ్ళూ ఉన్నారు, తల్లే ఇస్తుందని మొక్కేవాళ్ళూ ఉన్నారు. రెండో మాట శ్రీసభ బోధ కాదు.

## మరణం తర్వాత

ఉత్తరించు స్థలం (పర్గేటరీ) బైబిల్లో ఉందా?

ఆ పేరుతో లేదు. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించడం 2 మక్కబీయుల గ్రంథంలో ఉంది. అది ప్రొటెస్టెంటు బైబిల్లో లేదు కాబట్టే తగవు. క్షమాపణ పొందినా స్వార్థపు మరకలు మిగిలినవాళ్ళు దేవుణ్ణి చూసేముందు శుద్ధి అవుతారని కతోలిక బోధ. నవంబరు 2న సమాధుల దగ్గర పూజ చేయించేది అందుకే. లూథరన్, బాప్టిస్టు కుటుంబాలు కూడా సమాధులు కడిగి పూలు పెడతాయి, కాకపోతే ఆ ప్రార్థన బతికున్నవాళ్ళ ఓదార్పు కోసం.

ఆత్మహత్య చేసుకున్న మనిషికి పూజ చేయించవచ్చా?

చేయించవచ్చు. 1917 చట్టంలో తెలిసి ఆత్మహత్య చేసుకున్నవాళ్ళకు అంత్యక్రియలు నిరాకరించమని ఉండేది, 1983 చట్టంలో ఆ మాట లేదు. తీవ్రమైన మనోవేదన, భయం, జబ్బు మనిషి బాధ్యతను తగ్గిస్తాయని శ్రీసభ ఇప్పుడు నేర్పుతుంది. అప్పుల్లో మునిగి పురుగుమందు తాగిన రైతు పేరు నవంబరు 2 జాబితాలో రాయించడానికి సిగ్గుపడనక్కర్లేదు.

మా అమ్మ నిజంగా పునీతురాలే. ఆమెను ప్రార్థనలో సాయం అడగొచ్చా?

ఇంట్లో అడగండి, ఫోటో ముందు కొవ్వొత్తి పెట్టండి, ఎవరూ కాదనరు. సమాధి మీద గుడి కట్టి, తలచుట్టూ కాంతివలయం గీసి, కానుకల పెట్టె పెట్టడం మాత్రం వద్దు. ప్రకటనకు ముందు బహిరంగంగా పూజలు జరగకూడదని 17వ శతాబ్దంలో పోపు 8వ అర్బన్ నియమం పెట్టాడు. ఏనాటికైనా ఆమె పేరు మీద పీఠం విచారణ మొదలుపెడితే, అలాంటి పూజలు జరగలేదని ముందు రుజువు చూపించాల్సి ఉంటుంది.